వేరైనదాన్ని వెతక్కండి, మూడింటిని కలిపేదాన్ని పట్టుకోండి

బొచ్చె, శీలావతి, పులస, రొయ్య. వీటిలో భిన్నమైనది ఏది?

భీమవరం చుట్టూ చెరువుల మధ్య పెరిగిన పిల్లల్ని అడిగితే పులస అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. బొచ్చె, శీలావతి, రొయ్య మూడూ చెరువులో పెంచేవి. పులస ఒక్కటే వరద కాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వచ్చేది, ఎవరి చెరువులోనూ పెరిగేది కాదు. చెప్పిన కారణంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ గైడు చివర ఇచ్చే జవాబుల పట్టికలో, అంటే కీలో, జవాబు రొయ్య. మిగతా మూడూ వెన్నెముక ఉన్న చేపలు. రొయ్య వెన్నెముక లేని, పది కాళ్ళున్న, పీతకు దగ్గరి చుట్టమైన జీవి.

ఈ రెండు జవాబుల మధ్య తేడా తెలివిలో లేదు. పులస అన్న పిల్లవాడికి చేపల గురించి తెలిసింది ఎక్కువే. వాడికి తెలియనిది ఒక్కటే: ఇలాంటి ప్రశ్నలో ఏ లక్షణాన్ని ముందు చూడాలో ప్రశ్న తయారుచేసేవాళ్ళు పాటించే ఒక ఒప్పందం ఉంది. ఆ ఒప్పందాన్ని ఎవరూ పిల్లల ముందు పెట్టరు. గైడు చివరి పేజీలో ‘డి’ అని ఒక్క అక్షరం వేసి ఊరుకుంటారు.

నా వాదన ఇది. పోటీ పరీక్షల్లో ‘భిన్నమైనది ఏది’ అని అడిగే ఈ పదాల వర్గీకరణ పుట్టుకతో వచ్చే చురుకుదనాన్ని కొలిచే పరీక్ష కాదు, పదసంపదను కొలిచే పరీక్ష అంతకన్నా కాదు. అది నియమాలున్న ఒక ఆట. నియమాలు చెప్తే ఎనిమిదో తరగతి పిల్లలకైనా పట్టుబడుతుంది. చెప్పకుండా వెయ్యి బిట్లు చేయించినా, వెయ్యి జవాబులు గుర్తుంటాయి తప్ప వెయ్యిన్నొకటో ప్రశ్న దగ్గర మళ్ళీ మొదటికే వస్తారు. అమలాపురంలోనో తణుకులోనో అద్దె గదిలో కూర్చుని రాత్రీ పగలూ బిట్ బ్యాంకులు తిరగేస్తున్న పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పడం మన బాధ్యత అని గట్టిగా నమ్ముతాను.

ఇవి ఎన్ని మార్కుల వ్యవహారమో చూడండి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో మెంటల్ ఎబిలిటీకే 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. గ్రూప్-2 స్క్రీనింగ్‌లో 150 మార్కులకు 30 మెంటల్ ఎబిలిటీవి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు 25, రైల్వేలో నాన్ టెక్నికల్ ఉద్యోగాలకు పెట్టే ఎన్‌టీపీసీ మొదటి దశలో 100కు 30 రీజనింగ్ నుంచే వస్తాయి. అందులో వర్గీకరణ వాటా కొద్దిగానే ఉండొచ్చు. కానీ లెక్క కట్టే పని లేకుండా, పెన్ను కాగితం మీద పెట్టకుండా వచ్చే మార్కులు ఇవే. వీటి దగ్గర పోగొట్టుకోవడం బాధ కలిగించే నష్టం.

మొదటి నియమం శీర్షికలోనే ఉంది. ప్రశ్న ‘భిన్నమైనది ఏది’ అని అడుగుతుంది కాబట్టి కళ్ళు వెంటనే వేరుగా కనిపించేదాని మీదికి పోతాయి. అక్కడే మోసపోతాం. వేరుగా కనిపించడానికి కారణాలు కోకొల్లలు: ఒకటి మనకు తెలియని పదం కావచ్చు, ఒకటి పొడవైన పదం కావచ్చు, ఒకటి మనకు ఇష్టమైనది కావచ్చు. వేరుగా ఉండటం ఒక లక్షణం కాదు. లక్షణం ఉండాల్సింది మిగతా మూడింటిలో. ఆ మూడింటినీ కలిపే మాట ఒక్క వాక్యంలో చెప్పగలగాలి, ఆ వాక్యం నాలుగోదాని దగ్గర అబద్ధం కావాలి. ఈ రెండూ జరిగితేనే జవాబు. వాక్యం లేకుండా పెట్టిన టిక్కు సరైనదైనా ఊహ కిందే లెక్క.

ఆచరణలో ఎలాగంటే, ఒక్కో పదాన్నీ ‘ఇది ఒక...’ అనే వాక్యంలో పెట్టి ఖాళీ పూరించండి. కొబ్బరి, తాటి, ఈత, అరటి అని ఇచ్చారనుకోండి. ఇది ఒక చెట్టు, ఇది ఒక చెట్టు, ఇది ఒక చెట్టు, ఇది ఒక చెట్టు. నాలుగింటికీ ఒకే మాట వచ్చింది, కాబట్టి ఆ మాట పనికిరాదు. సైన్సు బాగా చదివిన పిల్లలు ఇక్కడ ‘ఏకదళబీజాలు’ అంటారు. అదీ నాలుగింటికీ వర్తిస్తుంది, అదీ పనికిరాదు. ఇంకో మెట్టు కిందికి దిగాలి. కొబ్బరి, తాటి, ఈత పామ్ కుటుంబానివి. అరటి ఆ కుటుంబానిది కాదు. అసలు అది చెట్టే కాదు, ఆకుల అడుగు భాగాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని కాండంలా కనిపించే పెద్ద గుల్మం, అంటే కలప కాండం లేని మొక్క. మన గోదావరి లంకల్లో తరతరాలుగా అరటి చెట్టు అనే అంటున్నాం, ఇంట్లో ఆ మాటకు వచ్చిన లోటేమీ లేదు. పరీక్ష హాల్లో మాత్రం వృక్షశాస్త్రం మాటే చెల్లుతుంది. ఇక్కడ ఇంకో ఆధారం కూడా ఉంది: మొదటి మూడింటి నుంచీ కల్లు తీస్తారు, అరటి నుంచి తీయరు. రెండు వేర్వేరు దారుల్లో వెళ్ళినా ఒకే జవాబు దగ్గర కలిశామంటే నిశ్చింతగా ముందుకు పోవచ్చు.

ఇప్పుడు ధవళేశ్వరం, ప్రకాశం, శ్రీశైలం, నాగార్జునసాగర్. ‘ఇది ఒక బ్యారేజీ’ అంటే ధవళేశ్వరం, ప్రకాశం వస్తాయి. ‘ఇది ఒక డ్యామ్’ అంటే శ్రీశైలం, సాగర్ వస్తాయి. రెండూ రెండూ అయ్యాయి. ఇలా రెండుగా చీలిందంటే ఎంచుకున్న లక్షణం తప్పు అని అర్థం, దాన్ని అక్కడే వదిలేయాలి. చాలామంది వదలరు. బ్యారేజీ, డ్యామ్ తేడా తమకు బాగా తెలుసు కాబట్టి అందులోనే ఏదో ఉండాలని పట్టుకుని వేలాడతారు, అరనిమిషం పోతుంది. కోణం మార్చి నదిని చూడండి. మూడు కృష్ణ మీదివి, ధవళేశ్వరం ఒక్కటే గోదావరి మీదిది. జవాబు వచ్చేసింది.

ఇదే ప్రశ్నలో ‘అన్నిటికన్నా ఎత్తైనది’, ‘అన్నిటికన్నా పాతది’ అనే కారణాలతో జవాబు పెట్టేవాళ్ళున్నారు. ఏ నాలుగింటిని తీసుకున్నా ఒకటి అన్నిటికన్నా పెద్దది, ఒకటి పాతది, ఒకటి ఖరీదైనది అయి తీరుతుంది. అందుకని ‘అన్నిటికన్నా’ అనే మాటతో మొదలయ్యే కారణం వర్గీకరణలో చెల్లదు. గుర్తుంచుకోవాల్సిన వాటిలో ఇది ముఖ్యమైనది, ఎందుకంటే ఈ పొరపాటు బాగా చదివేవాళ్ళే చేస్తారు.

ఇలాంటిదే మరొకటి. రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం, తణుకు. అమలాపురం జిల్లా కేంద్రం, మిగతా మూడూ కావు. తణుకు పశ్చిమ గోదావరిలో ఉంది, మిగతా మూడూ కోనసీమ జిల్లావి. రెండు కారణాలూ నిజమే, మరి జవాబు ఏది? తణుకు. అమలాపురం వైపు వాదించాలంటే మిగతా మూడింటి గురించి ‘ఇవి జిల్లా కేంద్రాలు కావు’ అనాలి. కాకపోవడం మూడింటినీ కలపదు. అలా చూస్తే రాజోలునూ రాయినీ కూడా ఒక గుంపులో వేయొచ్చు, రెండూ జిల్లా కేంద్రాలు కావుగా! మూడింటి గురించి ‘ఉంది’ అని చెప్పే వాక్యం, ‘లేదు’ అని చెప్పే వాక్యాన్ని ఎప్పుడూ ఓడిస్తుంది. నాలుగూ అసెంబ్లీ నియోజకవర్గాలే కదా అంటారా, నాలుగింటికీ వర్తించేది పనికిరాదని పైన చూశాం.

రెండు వాక్యాలూ ‘ఉంది’ అనే చెప్పినప్పుడు ఏం చేయాలి? పులస, రొయ్య దగ్గర వచ్చిన చిక్కు అదే. ‘ఇవి చేపలు’ అన్నా ఉన్నదే, ‘ఇవి చెరువులో పెంచేవి’ అన్నా ఉన్నదే. ఇక్కడే ఆ రాయని ఒప్పందం పనిచేస్తుంది. వస్తువు స్వతహాగా ఏమిటి అన్నది ముందు. దాన్ని దేనికి వాడతారు, దాంతో మనుషులు ఏం చేస్తారు అన్నది తర్వాత. ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు దొరుకుతుంది అన్నది ఆ తర్వాత. రంగు, పరిమాణం, ధర లాంటివి చివర. పెంచడం మనిషి చేసే పని. చేప కావడం దాని స్వభావం. కాబట్టి రొయ్య. ఈ వరుస రాతి మీద చెక్కింది కాదు. పనిముట్లు ఇచ్చినప్పుడు వాటి స్వభావమే వాడకం, అందుకని వాడకం ముందుకొస్తుంది. ఊళ్ళు, నదులు ఇచ్చినప్పుడు చోటే వాటి గుర్తింపు, అందుకని చోటు ముందుకొస్తుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ, శబరి అంటే మొదటి మూడూ గోదావరి నుంచి చీలిన పాయలు, శబరి గోదావరిలో వచ్చి కలిసే ఉపనది. అక్కడ నది ఎటు నుంచి ఎటు పోతుందో అదే దాని స్వభావం.

ఈ వరుస మనుషులందరికీ సహజంగా వచ్చేది కాదని చూపించిన ప్రయోగం ఒకటుంది. 1931, 1932లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ మనస్తత్వవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులకు సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి చూపించి ఏది వేరని అడిగాడు. చదువుకున్నవాళ్ళు దుంగ అన్నారు, మిగతావి పనిముట్లు కాబట్టి. బడికి వెళ్ళని రైతులు దేన్నీ తీయడానికి ఒప్పుకోలేదు. రంపం కోయాలన్నా, గొడ్డలి చీల్చాలన్నా దుంగ ఉండాలి కదా అన్నది వాళ్ళ వాదన. మన దగ్గర కొడవలి, పార, గునపం, వరి అని ఇస్తే సరిగ్గా అదే జరుగుతుంది. కోతలు చూసిన పిల్లవాడి మనసులో కొడవలీ వరీ ఒకే బొమ్మలో ఉంటాయి, విడదీయమంటే గునపాన్ని బయట పెడతాడు. అది బుద్ధి తక్కువై చేసిన పని కాదు. పనిలో ఏది దేనికి తోడో చూసే పద్ధతి అది, జీవితానికి అక్కరకొచ్చే పద్ధతి. పరీక్ష అడిగేది మాత్రం రెండో పద్ధతి. ‘నీకు తెలివి లేదు’ అనడం వేరు, ‘ఇక్కడ ఏది దేనితో పనిచేస్తుందని కాక, ఏది ఏ జాతిదని అడుగుతున్నారు’ అని చెప్పడం వేరు. మొదటి మాట విన్న పిల్లవాడు రీజనింగ్ నాకు రాదని జన్మంతా అనుకుంటాడు. రెండో మాట విన్నవాడు ఆ పూటే దిద్దుకుంటాడు.

జంటల ప్రశ్నలు ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సినవి. జాలరి : వల, వడ్రంగి : ఉలి, కుమ్మరి : సారె, కమ్మరి : కొడవలి. ఎడమ వైపు నాలుగూ వృత్తులు, కుడి వైపు నాలుగూ పనిముట్లు. పైపైన చూస్తే భిన్నమైనదే కనిపించదు. జంటల్లో పదాలను కాదు, పదాల మధ్య సంబంధాన్ని అడుగుతారు, కాబట్టి క్రియ ఉన్న వాక్యం కావాలి. జాలరి వలతో పని చేస్తాడు. వడ్రంగి ఉలితో పని చేస్తాడు. కుమ్మరి సారెతో పని చేస్తాడు. కమ్మరి కొడవలితో పని చేయడు, కొడవలిని తయారు చేస్తాడు. అతని పనిముట్లు సమ్మెట, పట్టకారు. వాక్యంలో క్రియ వదులుగా ఉంటే ఈ తేడా జారిపోతుంది. ‘కమ్మరి దగ్గర కొడవలి ఉంటుంది’ అన్నామంటే నాలుగూ ఒకటే అయిపోతాయి. ఎడమ వైపు మాత్రమే చూసి ‘జాలరి ఏదీ తయారు చేయడు, పడతాడు’ అని వాదించేవాళ్ళూ ఉన్నారు. అది జంటను వదిలేసి సగం ప్రశ్నకు జవాబు చెప్పడం. ఇక దిశ కూడా చూసుకోవాలి. మూడు జంటల్లో మనిషి ముందు, పనిముట్టు తర్వాత ఉండి, నాలుగో దాంట్లో ‘ఉలి : వడ్రంగి’ అని తిరగేసి ఇస్తే, సంబంధం అదే అయినా తిరగబడ్డదే జవాబు. కొలతల జంటల్లో పదే పదే పెట్టే మెలిక ఇంకొకటి: ఉష్ణోగ్రత : థర్మామీటర్, పీడనం : బారోమీటర్, వర్షపాతం : రెయిన్‌గేజ్, దూరం : కిలోమీటరు. మూడు సాధనాలు, ఒకటి ప్రమాణం. చివర్లో ‘మీటర్’ వినిపించగానే మోసపోకూడదు.

మంచి ప్రశ్న ఎలా ఉండాలో తెలియాలంటే ఒక చెడ్డ ప్రశ్నను విప్పి చూడాలి. కంద, చేమ, పసుపు, కర్రపెండలం. తయారుచేసినవాళ్ళ ఉద్దేశం కర్రపెండలం. కంద, చేమ, పసుపు నేలలో ఉండే కాండాలు. కర్రపెండలం ఊరిన వేరు. తొమ్మిది, పది తరగతుల జీవశాస్త్రంతో చెప్పగలిగిన మంచి తేడానే. కానీ కోనసీమలో ఏ ఇల్లాలిని అడిగినా పసుపు తీసి పక్కన పెడుతుంది: మిగతా మూడూ వండుకు తినే దుంపలు, పసుపు కూరలో చిటికెడు వేసేది. ఈ రెండో కారణం బలమైనదే, ఎందుకంటే ‘దుంపకూర’ అన్నది వాడకమే అయినా మన భాషలో స్థిరపడ్డ వర్గం. ప్రశ్న తయారుచేసినవాళ్ళు ఈ దారిని చూసుకోలేదు. దిద్దడం కష్టమేమీ కాదు. పసుపు తీసి బంగాళాదుంప పెట్టండి. కంద, చేమ, బంగాళాదుంప, కర్రపెండలం. ఇప్పుడు నాలుగూ వండుకునేవే, నాలుగూ నేలలో ఊరేవే, వంటింటి దారి మూసుకుపోయింది. కాండమా వేరా అన్న ఒక్క దారే మిగిలింది. కర్రపెండలం బదులు చిలగడదుంప పెట్టినా అదే జవాబు అవుతుంది, అదీ ఊరిన వేరే. ఒక్క పదం మార్పుతో ప్రశ్న నిలబడింది. ప్రశ్నలు తయారుచేసే ఉపాధ్యాయులు, మాక్ టెస్టులు పెట్టే సెంటర్లు ఈ చిన్న పని చేయాలి: జవాబును పక్కన పెట్టి, మిగతా మూడు పదాల్లో ఒక్కొక్కటీ భిన్నమైనదని తామే వాదించి చూడాలి. వాదన నిలిచిందంటే పదం మార్చాలి. ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టని ప్రశ్న పిల్లల ముందుకు రావడం అన్యాయం.

పాతబడ్డ ప్రశ్నలు ఇంకో బెడద. ‘కాకినాడ, ఏలూరు, రాజమహేంద్రవరం, మచిలీపట్నం’ అని ఇచ్చి, జిల్లా కేంద్రం కానిది రాజమహేంద్రవరం అని కీ ఇచ్చిన గైడ్లు పాత పుస్తకాల షాపుల్లో ఇంకా దొరుకుతున్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక తూర్పు గోదావరికి కేంద్రం రాజమహేంద్రవరమే. కాకినాడ తన పేరుతో ఉన్న జిల్లాకు కేంద్రం, పశ్చిమ గోదావరికి భీమవరం, ఏలూరు జిల్లాకు ఏలూరు. అంటే ఆ ప్రశ్నలో నాలుగూ జిల్లా కేంద్రాలే, జవాబే లేదు. జిల్లాలు, పదవులు, రాజధానుల మీద ఉన్న వర్గీకరణ బిట్లను 2022కు ముందు అచ్చయిన పుస్తకంలో చదవకపోవడమే మేలు. జంతువులు, లోహాలు, వృత్తులు ఎప్పటి పుస్తకంలోనైనా చదువుకోవచ్చు.

అర్థంతో పని లేని ప్రశ్నలూ ఉన్నాయి. జలజ, కనక, సరళ, నవీన. నాలుగూ ఆడవాళ్ళ పేర్లు, కాబట్టి ఆ లక్షణం చెల్లదు. అర్థాలు చూస్తే తామర, బంగారం, సూటిదనం, కొత్తదనం. దేనికీ దేనితో పొత్తు లేదు. అర్థంలో దారి దొరకనప్పుడు పదం ఆకారం చూడాలి. వెనక నుంచి చదవండి. జలజ జలజే, కనక కనకే, నవీన నవీనే. సరళ మాత్రం ‘ళరస’ అవుతుంది. ఆకారం ఎప్పుడూ ఆఖరి మజిలీ. అర్థంలో మూడు కలుస్తుంటే ఆకారం జోలికి పోవద్దు. డీఎస్సీ, టెట్ తెలుగు పేపర్లకు చదివేవాళ్ళు వ్యాకరణ లక్షణాలు కూడా చూసుకోవాలి: చెట్లు, ఊళ్ళు, కాలువలు, పాలు అంటే పాలు నిత్య బహువచనం, దానికి ఏకవచనం లేదు. పర్యాయపదాల్లో చివరి అక్షరం కీలకం. జలజం, నీరజం, వారిజం, జలదం ఇస్తే మొదటి మూడూ నీటిలో పుట్టిన తామర, చివరిది నీటినిచ్చే మేఘం. ‘జల’ చూసి జలజాన్నీ జలదాన్నీ జత కట్టినవాళ్ళకు మళ్ళీ రెండూ రెండూ అవుతాయి. ఇంగ్లీషు అక్షరాల గుంపులకు ఇ, జె, ఓ, టి, వై అక్షరాలు 5, 10, 15, 20, 25 స్థానాలని గుర్తుంటే చాలు, మిగతావి అటూ ఇటూ లెక్కపెట్టుకోవచ్చు. అది వేరే అధ్యాయం.

తెలుగులో పరీక్ష రాసే అవకాశం పెరిగింది. రైల్వే పరీక్షలు తెలుగులో ఉన్నాయి. కేంద్ర బలగాల జీడీ కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగుతో కలిపి 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు. సంతోషమే. కానీ వర్గీకరణ ప్రశ్న ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి వచ్చినప్పుడు దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో లెపర్డ్, చీతా అని వేర్వేరు పేర్లున్న రెండు పెద్ద పిల్లులకు మన దగ్గర చిరుత అనే ఒక్క మాటే వాడేస్తాం. నేల మీది తాబేలుకీ సముద్రపు తాబేలుకీ మనకు పేరు ఒక్కటే. పదం ఆకారం మీద నడిచే ఇంగ్లీషు ప్రశ్నను తెలుగు లిపిలో రాస్తే దాని ప్రాణమే పోతుంది. అందుకని తెలుగు పదాలు నాలుగూ పొంతన లేకుండా కనిపించినా, రెండు ఆప్షన్లు ఒకేలా ఉన్నా, అక్కడే తల బద్దలు కొట్టుకోకుండా స్క్రీన్ మీద భాష మార్చి ఇంగ్లీషు పాఠం చూడండి. రెండు భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ఖరారు అని రైల్వే నోటిఫికేషన్లలో రాసి ఉంటుంది.

సమయం సంగతి. సీజీఎల్ టైర్-1లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలంటే సగటున ప్రశ్నకు 36 సెకన్లు. ఎన్‌టీపీసీ మొదటి దశలో 90 నిమిషాలు కాబట్టి 54 సెకన్లు. వర్గీకరణ బిట్టు 15, 20 సెకన్లలో తేలిపోవాలి, మిగిలిన సమయం ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని అడిగే సీటింగ్ అరేంజ్‌మెంట్లకూ లెక్కలకూ కావాలి. మొదటి చూపులో సూత్రం దొరక్కపోతే కోణం ఒకసారి మార్చండి, రెండోసారి మార్చండి, మూడోసారికి వదిలేసి ముందుకు పోండి. ఒక్క హెచ్చరిక: మూడో ఆప్షన్ దగ్గరే జవాబు దొరికినట్టు అనిపించినా నాలుగోది చదవకుండా టిక్కు పెట్టొద్దు. నాలుగోది చదివితేనే రెండూ రెండూ అయ్యిందో లేదో తెలుస్తుంది.

రెండు ఆప్షన్ల మధ్య తేలక ఆగిపోయినప్పుడు వదిలేయాలా, పెట్టాలా? మైనస్ మార్కుల భయంతో చాలామంది వదిలేస్తారు. లెక్క వేసి చూడండి. సీజీఎల్‌లో ఒప్పుకు 2, తప్పుకు 0.50 కోత. రెండింటిలో ఒకటి పెడితే సగటున ప్రశ్నకు 0.75 మార్కు లాభం. రైల్వేలో ఒప్పుకు 1, తప్పుకు మూడో వంతు కోత. అక్కడ కూడా రెండింటి మధ్య ఎంచుకుంటే సగటున మూడో వంతు మార్కు మిగులుతుంది. నాలుగూ తెలియకుండా గుడ్డిగా పెడితే మాత్రం రైల్వేలో సగటు లాభం సున్నా. కాబట్టి ఒక్క ఆప్షన్‌నైనా కారణంతో కొట్టేయగలిగితే పెట్టడమే సరి. అప్పుడు కూడా ఏది పెట్టాలో పైన చెప్పిన వరుసే చెప్తుంది: స్వభావం, వాడకం, చోటు, ఆ తర్వాత మిగతావి.

సాధన విషయంలో నాకున్న పట్టుదల ఒక్కటే. రోజుకు వంద బిట్లు వద్దు, ఇరవై చాలు. కీ ఉన్న పేజీని మూసేసి, ఒక్కో ప్రశ్నకూ నోటుపుస్తకంలో జవాబు కాకుండా ‘ఈ మూడూ...’ అని మొదలయ్యే వాక్యం రాయాలి. తర్వాత కీ తెరిచి సరిచూసుకోవాలి. తప్పు వచ్చినచోట, కీ జవాబుకు తగిన వాక్యం ఏమై ఉంటుందో రాసి, మీ వాక్యం పక్కన పెట్టి చూడండి. మీది ‘కాదు’ అనే వాక్యమా? నాలుగింటికీ వర్తించేదా? ‘అన్నిటికన్నా’ ఉందా? వాడకాన్ని స్వభావం కన్నా ముందు పెట్టారా? లేక అసలు విషయమే తెలియలేదా, అంటే కర్రపెండలం ఊరిన వేరు అనే సంగతే తెలియదా? చివరిదైతే అది రీజనింగ్ లోపం కాదు, ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు సైన్సు, సోషల్ పుస్తకాలు మళ్ళీ తిరగేస్తే తీరేది. ఈ రెండు రకాల తప్పులనూ కలిపేసి ‘రీజనింగ్ వీక్’ అనుకోవడం వల్లే మందు ఒకచోట, నొప్పి ఒకచోట అవుతోంది. వారానికోసారి ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి సొంతంగా ఐదేసి ప్రశ్నలు తయారుచేసుకుని, ఒకరి ప్రశ్నలకు ఇంకొకరు రెండో జవాబు సాధించే ప్రయత్నం చేస్తే, ప్రశ్న తయారుచేసేవాళ్ళ మనసు ఎలా నడుస్తుందో బాగా తెలుస్తుంది.

పరీక్ష అయిపోయాక ప్రాథమిక కీ వస్తుంది. అందులో వర్గీకరణ ప్రశ్న తప్పని నమ్మితే అభ్యంతరం పెట్టడానికి వెనకాడొద్దు. రైల్వే పరీక్షల్లో ఒక్కో అభ్యంతరానికి 50 రూపాయలు కట్టించుకుని, అది సరైనదని తేలితే తిరిగి ఇస్తారు. రాసే తీరులోనే చాలా అభ్యంతరాలు వీగిపోతాయి. ‘నా జవాబు కూడా కరెక్టే, మార్కు కలపండి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. కీ ప్రకారం మూడింటిని కలిపే వాక్యం ముందు రాయండి. తర్వాత మీ జవాబు ప్రకారం వేరే మూడింటిని కలిపే వాక్యం రాయండి. రెండోది మొదటిదాని కన్నా తక్కువది ఎందుకు కాదో, అంటే అదీ స్వభావం గురించినదేనని, అదీ ‘ఉంది’ అని చెప్పేదేనని ఒకటి రెండు వాక్యాల్లో చూపించండి. దానికి ప్రభుత్వ పాఠ్యపుస్తకం నుంచి ఆధారం ఇవ్వండి: తరగతి, పుస్తకం, పాఠం పేరు, పేజీ నంబరు, ఆ పేజీ ఫోటో. గైడు పేజీలు, యూట్యూబ్ వీడియోల లింకులు ఆధారాలుగా నిలవవు. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి, హాల్లోంచి బయటికి రాగానే అనుమానం ఉన్న ప్రశ్నలను నాలుగు పదాలతో సహా గుర్తున్నంత వరకు రాసి పెట్టుకోండి.